జాలీ బీరువాలో చుక్కల బల్లులు

మొన్న వడ్రంగి వచ్చి మా కిటికీలకు కొత్త దోమల జాలీ కొట్టిపోయాడు. మిగిలిన ముక్క పట్టుకుంటే వేళ్ళకు పచ్చి ఇనుము వాసన అంటుకుంది, సబ్బుతో కడిగినా పోలేదు. జాలీ కన్నంలోకి చిటికెనవేలు గోరు దూర్చి చూస్తూ నిలబడ్డాను. "ఏం సూస్తా ఉండావు, దోమ దూరతాదా లేదా అనా?" అని మా ఆయన ఎగతాళి చేశాడు. దోమ సంగతి ఎవరిక్కావాలి! బల్లిపిల్ల దూరుతుందా అని చూస్తున్నాను. నలభై ఏళ్ళు దాటినా పోని ఈ అలవాటు నాకు అంటించింది వేదవల్లి మేడం.

ఎనభైల మొదట్లో తిరుపతిలో మా అత్తగారింటి వీధి గది ఆమెకు అద్దెకిచ్చాం. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. సొంతూరు తడ దగ్గర. ఒంటరి మనిషి, కోపం వస్తే తమిళంలో తిట్టుకునేది, అదీ తనను తానే. నేను అప్పటికి కొత్త కోడలిని. ఇంటరుతో ఆగిన చదువును ప్రైవేటుగా బి.ఎ. కట్టి పూర్తి చెయ్యాలని ఆశ. మా అత్త ఒకే షరతు మీద ఒప్పుకుంది. "సదువు సెప్పే మనిషి ఇంట్లోనే ఉండాది కాబట్టి సరే. గడప దాటి ట్యూషన్లకు పోతానంటే మాత్రం కుదర్దు మే" అంది. అంటే మేడం ఆ గదిలో ఉన్నన్నాళ్ళే నా చదువు. ఇంగ్లీషు, చరిత్ర రెండూ ఆమే చెప్పేది. తెలియని చోట నాతోపాటు కూర్చుని తనూ చదువుకునేది.

ఆ గదిలో ఒక జాలీ బీరువా ఉండేది. మామూలుగా అందరి ఇళ్ళలో అన్నం, కూరలు బల్లుల పాలు కాకుండా దాచే బీరువా. ఈమె అందులో బల్లుల్నే పెట్టింది! చంద్రగిరి కొండ బండల్లో దొరికిన చుక్కల బల్లులు నాలుగు, ఒక్కొక్కటి వేలెడంత. పరిశోధనా లేదు, పాడూ లేదు, ఇష్టమై పెంచుకుంటోంది అంతే. లోపల రాతిపలకలు, పెంకు ముక్కలు పేర్చి, సాయంత్రం వరండా దీపం దగ్గర పట్టిన పురుగులు వేసేది. "గోడనిండా బల్లులు ఊరికే తిరగతా ఉంటే వీటికి బీరువా ఏందమ్మా?" అని వీధిలో వాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. "అవి గోడవి. ఇవి నావి" అనేది మేడం. ఆమెకు అంతకుమించి వివరణ తెలియదు.

వాటిని తప్పించుకోనివ్వకుండా చూడడం పెద్ద పనే. తలుపు సందులకు పాత సైకిలు ట్యూబు కోసి అంటించింది. పురుగులు వెయ్యడానికి నేను మొదటిసారి తలుపు లాగబోతే చెయ్యి పట్టుకుంది.

"ముందు తట్టు సరోజా. తలుపు వెనకే కాచుకోనుంటాయి. నువ్వు తెరిస్తే అవి నీకంటే ముందొస్తాయి."

వేలితో రెండుసార్లు తట్టాలి. అవి వెనక్కి పరుగెత్తాక జానెడు తెరవాలి. మూశాక నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకటి కనిపించకపోతే గది తలుపు మూసి కింద గుడ్డ కుక్కి వెదికేవాళ్ళం. ఒకసారి నా పుస్తకాల సంచిలోనే దొరికింది. "దీనికీ బి.ఎ. కావాల్నంట" అని నవ్వింది మేడం. మా అత్తకు మాత్రం నవ్వు రాలేదు.

"టీచరమ్మా, ఇంకొక్క బల్లి నీ గదిలోనుంచి నా ఇంట్లోకి వచ్చిందంటే ఖాళీ సేసేయాల్సిందే" అని తేల్చి చెప్పింది. మేడం సరేనంది. ఆ రోజు నుంచీ ఆ బీరువా తలుపు నేను ఊపిరి బిగబట్టి తెరిచేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం అత్త నడవలో కూర్చుని పిండి జల్లిస్తోంది. పైనుంచి చిన్నదేదో టప్పున ఆమె నడినెత్తిన పడి, భుజం మీదుగా జారి, గోడ పగుల్లోకి దూరిపోయింది. బల్లి! తలమీద పడితే ప్రాణగండమని మా వైపు ఎవరినడిగినా చెబుతారు. జల్లెడ ఎగిరి అంత దూరాన పడింది. అత్త మొహంలో నెత్తురుచుక్క లేదు. "అయిపోయినాను, నా పని అయిపోయిండాది" అని గోడకు చేరగిలబడింది. భయంలోంచి కోపానికి రావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. "అది టీచరమ్మదే! పిలవండి!"

నేను బీరువా దగ్గరికి పరుగెత్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రాణం లేచొచ్చింది. "అత్తా, నాలుగూ ఉండాయి! అది గోడబల్లే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అత్త కాస్త తగ్గింది. అక్కడితో అయిపోవలసింది.

పిలుపు విని వచ్చిన మేడం మాత్రం బీరువాలో చెయ్యి పెట్టి ఒక్కొక్క పెంకూ ఎత్తి చూస్తోంది. చివరి పెంకు కిందనుంచి ఏవో ఏరి అరచేతిలో పెట్టుకుని నడవలోకి వచ్చింది. శనగగింజంత గుడ్ల చిప్పలు, తెల్లవి.

"రెండు గుడ్లు పగిలుండాయమ్మా. లోపల పిల్ల ఒకటే ఉండాది. గుడ్లు పెట్టింది నేను చూడలేదు. పిల్లకు ఆ జాలీ కన్నం చాలు. మీ మీద పడింది నాదే."

కొరివితో తల గోక్కోవడమంటే అదే! ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా పుస్తకాలు, నా పరీక్షలు అన్నీ ఆ చిప్పలతోపాటు ఆమె అరచేతిలోనే ఉన్నాయి. అత్త ఆ చిప్పల వంక, మేడం మొహం వంక చూసింది.

"ఖాళీ సేసేది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నన్ను కంచికి పిలుసుకొని పో" అంది.

కంచి గుడిలో పైకప్పుకు ఉన్న బంగారు బల్లిని ముట్టుకుంటే బల్లిపాటు దోషం పోతుందని నమ్మకం. ముగ్గురం బస్సెక్కాం. నమ్మకం లేని మేడం, మెట్ల మీద తూలుతున్న అత్తను నడుం పట్టి పైకెత్తింది. ముట్టుకున్నాక అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిరుగు బస్సులో ఉన్నట్టుండి మేడాన్ని అడిగింది. "ఈ పిల్ల నాలుగూ ఉండాయని అరిసినప్పుడే నేను సరే అనుకున్న్యా. ఆ సిప్పలు తెచ్చి సూపించమని నిన్నెవరడిగినారు?"

మర్నాడు అత్త ఊరగాయ జాడీ మూతికి వాసెన కట్టే పల్చటి గుడ్డ తెచ్చి మేడం చేతికిచ్చింది. ఇద్దరూ కూర్చుని బీరువా జాలీకి లోపలివైపు ఆ గుడ్డ బిగించారు. ఖాళీ మాట అత్త మళ్ళీ ఎత్తలేదు. నేను బి.ఎ. పాసయ్యాను.

ఫలితాలు వచ్చిన రోజు మేడానికి మిఠాయి ఇస్తూ, అన్నాళ్ళూ దిగమింగుకున్నది అడిగేశాను. "గోడబల్లి అని ఊరుకోనుంటే పోయేది కదా మేడం. నా చదువు ఆగిపోతుందని మీకు భయం వెయ్యలేదా?"

"వేసింది సరోజా. అందుకే తొందరగా చెప్పేసినాను. ఇంకొక్క క్షణం ఆగుంటే అబద్ధమే చెప్పేసుందును."

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, పిల్లల్ని పెంచాను. నిజాయితీపరులకు భయం ఉండదని అందరూ అంటుంటే నేను తల ఊపను. పొరపాటు నాదని తెలిసిన ప్రతిసారీ నాకు కాళ్ళు వణుకుతాయి, అబద్ధం నాలుక చివరిదాకా వస్తుంది. అందుకే ఆలోచించుకోవడానికి నాకు నేను వ్యవధి ఇచ్చుకోను. నాదే అని ముందు అనేస్తాను. వణుకు తర్వాత తీరిగ్గా వణుకుతాను.