బి.ఏ. మనుషుల్ని చూసొచ్చాం

బి.ఏ. ప్యాసయిన మనిషిని మా ఊళ్ళో అప్పటికి ఎవరూ దగ్గర నుంచి చూడలేదు. వాల్తేరులో యూనివర్సిటీ ఉందని, అక్కడ సముద్రం పక్కన కూర్చుని చదువుకుంటారని చెప్పుకునేవారు. అంతకు మించి తెలియదు. మాది కొల్లేటి అంచున ఊరు. వానాకాలం నీళ్ళు పైకొస్తే పొలం ఏదో కొల్లేరు ఏదో చెప్పలేం. దోనె లేనిదే పక్కింటికి కూడా కదలలేని ఊరికి బి.ఏ.తో ఏం పని?

పని మా మరిది వల్ల వచ్చింది. బందరులో ఉండి ఇంటరు ప్యాసయ్యాడు, వాల్తేరు వెళ్ళి బి.ఏ. చదువుతానన్నాడు. అప్పుడే తాడేపల్లిగూడెంలో మా ధాన్యం కొనే మిల్లు షావుకారు, కుర్రవాణ్ణి గుమాస్తాగా కూర్చోబెట్టుకుంటానని కబురు పెట్టాడు. కాలేజీలు తెరిచేలోపు అటో ఇటో తేల్చి చెప్పాలి. అవి ధాన్యానికి ధర పలకని రోజులు. మా ఆయన పొలం పనంతా ఒంటి చేత్తో లాక్కొస్తున్నారు. తమ్ముడు మిల్లులో కూర్చుంటే ఆదివారాలకో, కోతలకో అందివస్తాడని ఆయన ఆశ. పైకి మాత్రం అనలేదు.

మా మామగారు నాకు మేనమామ కూడా. అందుకని ఆయన ఎదుట నోరు మూసుకుని నిలబడే కోడల్ని కాను నేను. తెలియని సంగతి ఏది వచ్చినా ఆయనకి ఒకటే పద్ధతి, ఎడ్లు కొనే పద్ధతి. అమ్మేవాడి మాట చెవిన పెట్టేవారు కాదు. అలాంటి జత ఎవరింట్లో ఉందో కనుక్కుని, చెప్పకుండా వెళ్ళి, కాడి కట్టినప్పుడు ఎలా నడుస్తున్నాయో, విప్పాక ఎలా మేస్తున్నాయో చూసి వచ్చేవారు. బి.ఏ. అయినా అంతేనన్నారు. చదివినవాళ్ళని ఇళ్ళకెళ్ళి చూసొద్దాం, తర్వాత మాట్లాడదాం అన్నారు. ఆడమనిషి లేకుండా వెళితే ఏ ఇంటి సంగతీ బయటికి రాదని అత్తగారు మరిదితో పాటు నన్నూ వెంట పంపారు. ఉత్త చేతులతో గుమ్మం ఎక్కకూడదు కదా, అరటిపళ్ళూ తమలపాకులూ కూడా కట్టి ఇచ్చారు.

ఏలూరులో మొదటి బి.ఏ. ఒక ఆఫీసులో గుమాస్తా. మేం వెళ్ళేసరికి అన్నం తింటున్నాడు. మామగారు గుమ్మంలో నిలబడి ఆయన తినే తీరే చూస్తున్నారు. మనిషి నమలడం లేదు, మింగుతున్నాడు. మేం వచ్చిన పని విని, చెయ్యి కడుక్కుంటూనే, వద్దండీ, చదివించకండీ, ముప్పై ఏళ్ళకే తల నెరుస్తుందండీ అని చెప్పి కోటు తొడుక్కుని పరుగెత్తాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుతున్న ఆయన భార్యని, బి.ఏ.లో ఏముంటుందమ్మా అని అడిగాను. ఆవిడ చేతిలో గిన్నె బోర్లించి, "ఏవోనండి, నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు," అంది. ఆవిడ నాకు నచ్చింది.

రైలెక్కి భీమడోలులో దిగాం. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. స్టేషను బోర్డు మీదవన్నీ తీగ మీద వాలిన పిట్టల్లా కనిపించేవి.

రెండో బి.ఏ. అక్కడ తల్లితో ఉంటున్నాడు. పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. ముందు కబురు లేకుండా ఒక పెద్దాయన, ఒక కోడలు, ఒక కుర్రవాడు పళ్ళూ ఆకులూ పట్టుకుని గుమ్మం ఎక్కేసరికి ఆ తల్లి ముఖం వెలిగిపోయింది. ఎందుకో మాకు తోచలేదు. చాప వేసింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. కొడుకుని లోపలికి పిలిచి చొక్కా మార్పించింది. మామగారు తన ధోరణిలో తాను అడుగుతున్నారు. ఒంట్లో ఎలా ఉంటుంది, చదివి చదివి చూపు ఏమన్నా మందగించిందా, పొద్దున్నే లేస్తాడా, కోపమా శాంతమా. ఆవిడ ఒక్కో ప్రశ్నకి రెండేసి జవాబులు చెబుతోంది. చివరికి ఆయన లేచి అతని చుట్టూ ఒకసారి తిరిగి, "కొంచెం అటు నడవండి బాబూ," అన్నారు. పాపం అతను నడిచాడు.

ఆవిడ సున్నుండల పళ్ళెం తెచ్చి పెట్టి నా పక్కన కూర్చుంది. "పిల్ల ఛాయ ఎలా ఉంటుందమ్మా?" అంది.

"ఏ పిల్లండీ?"

"అదేనమ్మా, మీ ఆడపడుచు."

నాకు ఆడపడుచు లేదు. సున్నుండ నోట్లో అలాగే ఉండిపోయింది. ఇక చెప్పక తప్పలేదు. "మేం పెళ్ళికొడుకుని చూడ్డానికి రాలేదండీ. బి.ఏ.ని చూడ్డానికి వచ్చాం."

ముందు నవ్వింది ఆ బి.ఏ. అబ్బాయే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి మాత్రం పళ్ళెం కొంచెం అవతలికి జరిపింది.

అతను మాతో స్టేషను దాకా నడిచాడు. చదువు పూర్తయినప్పటి నుంచీ దరఖాస్తులు పెడుతూనే ఉన్నానని, పిలిచినవాడు లేడని దాచకుండా చెప్పాడు. అయితే దండగేనా అని మామగారు అడిగారు.

"ఉద్యోగం కోసమైతే నన్ను చూసి ఊరుకోండి. కానీ ఆ చదివిన రోజులు తిరిగి ఇచ్చెయ్యమంటే మాత్రం ఇవ్వనండి. మా నాన్న ఎవరో తెలియని వాళ్ళ మధ్య కూర్చుని, నేనెవరో కాస్త తెలుసుకున్నాను."

మామగారికి అది మింగుడు పడలేదు. నాన్న ఎవరో తెలియకపోతే మన వైపు మంచినీళ్ళు కూడా ఇవ్వరే అని రైల్లో గొణుగుతూనే ఉన్నారు. మరిది కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తాడేపల్లిగూడెంలో మిల్లు వాకిలంతా తవుడు దుమ్ము. షావుకారు మర్యాద చేసి, మా మరిది కూర్చోబోయే బల్ల చూపించాడు. పక్క బల్ల దగ్గర ఒక సన్నటి మనిషి వంగి రాసుకుంటున్నాడు. "ఈయన బి.ఏ. అండి," అన్నాడు షావుకారు, కొత్తగా దింపిన ఇంజను చూపించినట్టు. ఆయన తలెత్తి దణ్ణం పెట్టి మళ్ళీ రాతలో పడ్డాడు.

మామగారి ముఖం చూస్తే తీర్పు అయిపోయిందని తెలిసింది. చదివినవాడి బల్లా చదవనివాడి బల్లా పక్కపక్కనే ఉన్నాయి, ఒకే ఎత్తున. ఇంకేం చూడాలమ్మా అన్నారు నాతో మెల్లగా. మరిది నేల చూపులు చూస్తున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఈయన షావుకారుకి సరే అనేస్తారు.

"మావయ్యా," అన్నాను. "ఎద్దుకి నోరు లేదు కనక పక్కవాళ్ళని అడుగుతాం. మీ అబ్బాయికుందిగా. అతన్ని అడగండి."

షావుకారు దగ్గాడు. మామగారు నా వైపు గుర్రుగా చూశారు. ఆ తర్వాత కొడుకు వైపు చూశారు. "ఏరా, నీ మాటేవిటి?"

మరిది తలెత్తాడు. "ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేనండి నాన్నగారూ. చదివినా ఈ బల్లే రావచ్చు. మన లంకల్లో దున్నుతుంటే పాత పెంకులు, ఇటుకలు పైకొస్తాయి కదండీ. అవి ఎవరివని మా చరిత్ర మాష్టార్ని అడిగాను. నాకూ తెలియదు, పై చదువు చదివి నువ్వే వచ్చి చెప్పు అన్నారు."

"ఆ పెంకులా? తట్టలకొద్దీ గట్టవతల పారబోశాను కదరా."

"తెలుసండి. మీరు అటు వెళ్ళాక నేను ఏరుకునేవాణ్ణి."

పక్క బల్ల దగ్గర కలం చప్పుడు ఆగింది. మామగారు కొడుకుని ఎగాదిగా చూశారు, ఎవరో కొత్తవాణ్ణి చూస్తున్నట్టు. తర్వాత షావుకారు వైపు తిరిగి, మావాడు రాడండి అని చెప్పేశారు. ఎన్ని చదివినా చివరికి ఇక్కడికే వస్తాడని షావుకారు నవ్వాడు.

"వస్తే రానివ్వండి," అన్నారు మామగారు. "అప్పుడు తనంతట తను వస్తాడు. నేను తీసుకురాను."

తర్వాతి సంగతులు దాచడం దేనికి. మరిది బి.ఏ. అయ్యాక కలెక్టరేం కాలేదు. కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, ఒక హైస్కూల్లో మాష్టరయ్యాడు. పొలంలో మా ఆయనకి చాకిరీ పెరిగింది. అది అందరూ మరిచిపోయారు, నేను మరిచిపోలేదు. సెలవులకి వచ్చినప్పుడు మరిది నాకు అక్షరాలు దిద్దించాడు. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక పలక పట్టాను, కాబట్టే ఇది రాస్తున్నాను. డిగ్రీ దండగా కాదా అని ఇప్పుడు నన్నడిగే పెద్దలకి నేను చెప్పేది ఒకటే. చదవబోయేవాణ్ణి పక్కన నిలబెట్టుకుని నన్నెందుకు అడుగుతారు?

ఆ రోజు ఏలూరులో దిగాక మామగారు తిన్నగా రేవుకి రాలేదు. బజారుకెళ్ళి ట్రంకు పెట్టె కొన్నారు. కాలవలు వదిలిన కొత్త, ఎర్రనీరు నిండుగా పారుతోంది. మా దోనెలో పెట్టె పెట్టి ముగ్గురం ఎక్కితే నీళ్ళు అంచుకి వచ్చాయి. ఆయన దిగిపోయి, మీరు పదండి, నేను గట్టున నడిచొస్తానని పంచె ఎగ్గట్టారు. మరిది గెడ వేస్తున్నాడు. నేను పెట్టె మీద కూర్చున్నాను. మామగారు గట్టు మీద దోనెతో సమంగా నడుస్తూ ఒకటే ప్రశ్నలు. వాల్తేరులో అన్నం ఎవరు వండుతారు, సముద్రం మీద గాలికి దీపం నిలుస్తుందా, మాష్టర్లు కొడతారా.

"తెలియదండి నాన్నగారూ," అన్నాడు మరిది చివరికి.

"అయితే వెళ్ళి కనుక్కునిరా," అన్నారు ఆయన గట్టు మీద నుంచి.