రేడియో ఆగి చదివింది

మా వదిన ఏదైనా అనుకుందంటే ఇల్లు ఇల్లంతా దాని వెనక పరిగెత్తాల్సిందే. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, "నేనూ టీచర్నవుతా" అని ట్రైనింగ్‌లో చేరింది. ఊరికే చేరిందా! హాయిగా ఇంట్లో ఉన్న ఆడపడుచునైన నన్ను కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ప్రాక్టీసుకి ఇద్దరినీ ఒకే బడిలో ఐదో తరగతికి వేశారు. నాకు లెక్కలు, వదినకి చదవడం, రాయడం.

వదిన మొదటి పరీక్ష పాఠం తప్పింది. పిల్లలంతా ఒకే గొంతుతో పాఠం అప్పజెప్తుంటే మార్కులు వెయ్యడానికొచ్చి వెనక బల్ల మీద కూర్చున్న ట్రైనింగ్ లెక్చరర్ గారు, "వీళ్ళు పాడుతున్నారమ్మా, చదవట్లేదు" అని లేచి వెళ్ళిపోయారు. రెండోదీ పోతే ఏడాదంతా మళ్ళీ మొదటికి. అప్పటికే వంట మీద పడిన మా అన్నయ్య కూరలూ మాడుస్తున్నాడు, మొహమూ మాడుస్తున్నాడు. ఇంకో ఏడాది అంటే భరించే ఓపిక ఎవరికీ లేదు.

వదిన ఆశంతా రేడియో మీదే. అది ఆ క్లాసులో ఓ పిల్లకి తోటి పిల్లలు పెట్టిన పేరు. పాఠం పేరు చెబితే చాలు, గడగడా చదివేస్తుంది. ఓ రోజు అది ఏనుగు పాఠం చదువుతుంటే గాలికి పేజీ తిరిగిపోయింది. కొత్త పేజీలో పడవ బొమ్మ. రేడియో నోట్లో మాత్రం ఏనుగు ఇంకా స్నానం చేస్తూనే ఉంది. మా మొహాలు చూసి టక్కున ఆగి తలదించుకుంది.

"ఇంట్లో అక్క చదువుతుంటే వింటాను టీచర్. అక్షరాలొచ్చు. కలిపితేనే అన్నీ కలగాపులగం అయిపోతాయి."

"వదినా, వేరే పిల్లని చూసుకో. ఇది నీ కొంప ముంచుతుంది" అన్నాను బయటికొచ్చాక. వదిన కళ్ళు మెరిసిపోతున్నాయి. ఆ మెరుపంటే నాకు హడల్.

"పిచ్చిదానా, పాఠమంతా దాని నోట్లోనే ఉంది. ఇక వేలికి అందిస్తే చాలు!"

రోజూ భోజనాల బెల్లు అయ్యాక ఇదే పని. రేడియో పాఠం చెప్పాలి, చెప్పే ప్రతి మాట కిందా వేలు పెట్టాలి. నోరు ముందుకి పరిగెత్తితే మళ్ళీ మొదటి నుంచి. తర్వాత వదిన ఆ మాటల్ని అట్టముక్కల మీద రాసి, పేకముక్కల్లా కలిపేసి, వెతకమనేది. అట్టల కోసం అన్నయ్య కొత్త చెప్పుల డబ్బా కూడా బలైంది. పిల్ల ఏడ్చింది, అలిగింది, అట్టలు విసిరికొట్టింది. వదిన అవన్నీ ఏరుకొచ్చి మళ్ళీ పరిచింది. మెల్లగా ఆ వేలికి ధైర్యం వచ్చింది.

పరీక్ష రోజు వదిన ఏనుగు పాఠంలోని మాటలతో పాటు పిల్లలు చెప్పిన మాటలూ అట్టల మీద రాసి బల్ల మీద పరిచింది. రేడియోని పిలిచింది. ఇంతలో లెక్చరర్ గారు లేచి, "ఉండమ్మా, వాక్యం నేను పేరుస్తాను" అన్నారు. మొహంలో నవ్వన్నది లేకుండా అట్టలు వరుసగా పేర్చి పక్కకి జరిగారు.

రేడియో వేలు మొదటి అట్ట కింద పెట్టింది. నోరు మెదపలేదు. వేలు రెండో దాని కిందకి జరిగింది. అయిపోయింది, ఇంకో ఏడాది మాడిన కూరలే అనుకున్నాను. వేలు చివరి అట్ట దాకా పోయింది. ఒక్కసారిగా ఆ పిల్ల పకపకా నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతూనే, ఒక్కో మాటా కూడబలుక్కుని పైకి చదివింది.

"ఏనుగు... హెడ్మాస్టర్ గారి... కుర్చీలో... కూర్చుని... టీ... తాగింది!"

క్లాసు గొల్లుమంది. ఎవరూ నవ్వకముందే, తను పైకి చదవకముందే, అది నవ్వింది! ఆనందం పట్టలేక నేను బల్ల మీద దబదబా బాదేశాను. లెక్చరర్ గారు నన్నేమీ అనలేదు, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "పాసమ్మా" అన్నారు వదినతో.

వదిన ఆ మాట విన్నదో లేదో. రేడియో ఆవిడ చీర కొంగు పట్టుకుని గుంజుతోంది.

"టీచర్, ఇది నాకు నోటికి రాదు! ఎప్పుడూ వినలేదు! అయినా చదివేశాను!"