మూడు పళ్ళేలూ ఖాళీ చేసిన రోజు

డిగ్రీ పాసయ్యాను. అరవై ఒకటో ఏట, అమ్మవైపూ నాన్నవైపూ కలిపి మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేనే. పొద్దున రిజల్ట్ చూసినప్పటి నుంచి అమెరికాలో, అరోరా ఊళ్ళోని మా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడే కూర్చున్నాను. కూర్చోగానే గుర్తొచ్చింది మాత్రం కాలేజీ కాదు, ఒక దీవి.

నా చిన్నప్పుడు మా నాన్న పసిఫిక్ సముద్రం మధ్యనున్న అమెరికన్ సమోవా దీవుల్లో పడవ ఇంజన్ల మెకానిక్. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మారుమూల దీవిలో పడవ బాగుచేయడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. మేం దిగిన ఇంటికి గోడల్లేవు, కింద చాపలు, ఎటు చూసినా సముద్రం. ఆ ఇంటి మామ్మ మా ముందు పళ్ళెం పెట్టింది. చేమదుంపలు, కాల్చిన చేప, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు. ఆమె మనవలు పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసురుతున్నారు.

"మిగల్చకమ్మా, వండినవాళ్ళు నొచ్చుకుంటారు" అన్నాడు నాన్న. ఊడ్చేశాం. మళ్ళీ తెచ్చారు. అదీ ఊడ్చేశాం. మూడో పళ్ళెం వచ్చేసరికి నాన్న బెల్టు వదులు చేసుకున్నాడు. దాన్నీ వదల్లేదు.

చేయి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే, పిల్లలు ఖాళీ గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు. అక్కడ అతిథి తిన్నాక మిగిలిందే ఇంటివాళ్ళ భోజనమట. నా ఈడు పిల్ల నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "మీ ఊళ్ళో కరువా?"

నేను ఏడుస్తూ చెబితే నాన్న ముఖం మాడిపోయింది. "ఇంకే మొహం పెట్టుకుని ఉంటాం ఇక్కడ, తెల్లారగానే పోదాం" అన్నాడు. మామ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లలకి అరటికాయలు ఉడికించి పెట్టి, విసనకర్ర తెచ్చి నా చేతికిచ్చింది. "రేపు పాస్టరుగారు భోజనానికొస్తారు. నువ్విప్పుడు చుట్టానివి కాదు, మా పిల్లవి. కూర్చుని విసురు."

మర్నాడు ఆయన తీసుకున్న ప్రతి ముక్కకీ నా ప్రాణం గిలగిల్లాడింది. ఆయన పెద్ద చేపని ఒక పక్కే తిని, మా వైపు చూసి పళ్ళెం ముందుకు జరిపారు. ఎంగిలంటే ముక్కు విరిచే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ రెండో పక్కని ఆ పిల్లతో పోటీపడి తిన్నాను.

అప్పటినుంచీ నా చేతికి ఏది వచ్చినా, నా తర్వాత కూర్చునేవాళ్ళు ఎవరా అని ఒకసారి వెనక్కి చూస్తాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: కాకినాడలో పిన్ని, ప్లేనోలో తమ్ముడు, "ఈ వయసులో చదువేంటి వదినా" అన్న మా ఆడపడుచు, వచ్చే నెల ఇదే కోర్సులో చేరుతున్న పక్కింటి అమ్మాయి. తనకి ఫోనెందుకులే, నా నోట్సులన్నీ అట్టపెట్టెలో సర్దేశాను, నేనే వెళ్ళి ఇచ్చొస్తాను.