అక్క ఒక్కపొద్దులు

అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. పోయిన చలికాలం ఒక పొద్దున ఆమె మూతి ఒక పక్కకు లాగేసింది. దేవుడి దయవల్ల చాలావరకు నయమైంది. కానీ తినేటప్పుడు పెదవి చివర నుంచి కాస్త కారుతుంది. ఆ కాస్తకే ఆమె నలుగురిలో తినడం మానేసింది. ఎవరు పిలిచినా ఒక్కపొద్దు అనేది. సోమవారం శివయ్యది, మంగళవారం హనుమంతునిది, శనివారం వెంకన్నది. ఇంట్లోనూ గోడవైపు తిరిగే తినేది. మళ్లీ మా మధ్య కూర్చుని నాలుగు ముద్దలు తినాలని రోజూ దీపం దగ్గర నేను అడిగేదాన్ని.

ఒకరోజు ఉప్పల్‌లో ఫిజియోథెరపీ డాక్టరు దగ్గర ఆమె ముఖానికి కరెంటు పెట్టించి, నాచారం బస్సు కోసం నిలబడితే వాన పట్టుకుంది. పక్కనే ఉన్న చాట్ దుకాణంలోకి దూరాం. బల్లలన్నీ నిండిపోయాయి. పానీపూరీ వేసే చోట నిలబడ్డాం.

"తింటావా అక్కా?"

"నాకియ్యాల ఒక్కపొద్దు."

"బుధవారం ఏ దేవునిదక్కా?"

"నీకెందుకే? దేవుండ్లు మస్తుగున్నరు."

అంతలో మా పక్కనున్న కాలేజీ పిల్ల నోట్లో పూరీ పగిలి, నీళ్లన్నీ గడ్డం మీదుగా చున్నీ మీదికి కారాయి. "నల్లా ఇప్పినట్టుందే!" అని స్నేహితురాళ్లు ఏడిపిస్తుంటే ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. అటువైపు, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న పెద్దమనిషి బుగ్గలు ఉబ్బించి, ముక్కు ఎగబీలుస్తూ, మళ్లీ దొప్ప చాపుతున్నాడు. ఎవరి గడ్డం చూసినా తడే. ఎవరి ధ్యాస వాళ్ల పూరీ మీదే.

అక్క అందర్నీ చూసింది. "నాకూ ఒక దొప్ప ఇమ్మను," అంది మెల్లగా.

"నోరు పెద్దగ తెరువుండ్రి అమ్మా, ఒక్కసారే పెట్టుకోవాలె," అన్నాడు పూరీలు వేసే అతను.

"నా నోరు నా మాట ఇంటలేదు బిడ్డా."

"ఈడ ఎవరి నోరు ఇంటది! కానియ్యుండ్రి."

పెట్టుకుంది. పుదీనా నీళ్లు పెదవి చివర నుంచి జారాయి. కొంగు కోసం చెయ్యి వెళ్లేలోగా దొప్పలో ఇంకో పూరీ పడింది. అదీ తింది. "జర కారం పెంచు," అంది.

నా పూరీ చేతిలోనే మెత్తబడిపోయింది. స్వామికి దండం పెట్టుకున్నాను. పూరీలు వేసే అతనికీ మనసులోనే ఒకటి పెట్టాను.

ఆ ఆదివారం మేడిపల్లిలో చుట్టాల గృహప్రవేశం. అక్క బంతిలో నా పక్కనే కూర్చుంది. సాంబారు జారింది. రుమాలుతో ఒత్తుకుని, వడ్డిస్తున్నవాళ్ల వైపు తల ఎత్తింది.

"ఓ తమ్మీ, ఇటు పెరుగు రాలే!"