కల్కత్తా ఆమె పూలబుట్ట

ఓడలో నా ఒళ్ళో వాంతి చేసుకున్న పిల్ల నాకు చెల్లెలయింది. అంతకు ముందు మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఇద్దరం విశాఖపట్నం వైపు వాళ్ళం. గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, మొగుళ్ళతో కలిసి ఫిజీ చెరుకు తోటలకు బయల్దేరినవాళ్ళం. నేను నీళ్ళు తెచ్చి మూతి కడిగితే ఆ పిల్ల "అప్పా" అంది. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. లంబాసా దగ్గర ఒకే తోటకు పంపారు మమ్మల్ని. కూలీల లైన్లో పక్కపక్క గదులు ఇచ్చారు. పొద్దుటి గంటకు కలిసి లేచేవాళ్ళం, కలిసి చెరుకులో కలుపు తీసేవాళ్ళం, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళం. దేశంకాని దేశంలో నా మాట అర్థమయ్యే ఆడది అదొక్కతే. అది నాదే అనుకున్నాను.

అంతలో దాని గదికి అవతలి పక్కన కల్కత్తా ఓడలో వచ్చిన ఒకామె దిగింది. హిందీ తప్ప మరో మాట రాదు. ఆమె మొగుడు దొర బంగళాలో తోటపని చేసేవాడు. ఒక ఆదివారం ఆమె విరిగిన పీపా నుంచి ఇనుప పట్టీ ఊడదీసి, దానికి తీగ అల్లి, లోపల కొబ్బరిపీచు పరిచి, ఏటి ఒండ్రు నింపింది. బంగళా నుంచి తెచ్చిన కొమ్మలు అందులో గుచ్చింది. సన్నటి గొట్టాల్లాంటి ఎర్రపూలు పూసే మొక్క అది. పట్టీని ఎత్తి పట్టుకున్నది మా చెల్లి. చూరుకు తాడు కట్టింది కూడా మా చెల్లే. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ తెగ నవ్వుకున్నారు. అంత నవ్వు దేనికో నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి చెల్లి మాటల్లో హిందీ దొర్లడం మొదలైంది. "పానీ పోసొస్తానప్పా" అని సాయంత్రం బుట్ట దగ్గరికి వెళ్ళేది. వెళ్ళిన మనిషి పొయ్యి ఆరిపోయేదాకా వచ్చేది కాదు. పువ్వులంటే నాకూ ఇష్టమే. ఆ పువ్వులు చూస్తే మాత్రం ఒళ్ళు మండేది.

కొమ్మలు గుబురుగా సాగి, కిందికి వేలాడి పూశాక పిట్ట వచ్చింది. బొటనవేలంత ఉంటుందేమో. తలా మెడా ఎరుపు, రెక్కలు నలుపు. పూరెమ్మకు వేలాడి, గొట్టంలోకి ముక్కు దూర్చి తేనె తాగుతోంది. లైనంతా పోగయింది. కూలీల మీద మేస్త్రీ, ఎప్పుడూ తిట్టే సర్దారు కూడా నోరు మూసుకుని చూశాడు.

"అప్పా, బేగి రా. పిట్టొచ్చింది" అని చెల్లి కేకేసింది.

"నా కూడు మాడిపోద్ది. నువ్వే సూడు" అన్నాను.

పొయ్యి అప్పటికి రాజెయ్యనే లేదు. చెక్కగోడ సందులోంచి చూశాను. పిట్ట చాలా బాగుంది. పిట్టను చూస్తూ చెల్లి ఆ కల్కత్తా ఆమె భుజమ్మీద చెయ్యి వేసింది. నేను ఎక్కువగా చూసింది ఆ చేతినే.

మర్నాడే నేనూ ఒక బుట్ట మొదలుపెట్టాను. పట్టీ వంచుతూ మా ఆయన అడిగాడు: "పూల మీద మోజా, పక్కోళ్ళ మీద పోటీయా?" నేను పట్టీ లాక్కుని పీచు పరిచాను. బంతి నాటాను. ముద్దగా, పచ్చగా, చూసినవాళ్ళంతా మెచ్చుకునేలా పూసింది. పిట్ట మాత్రం నా బుట్ట మీదుగా ఎగిరిపోయి కల్కత్తా ఆమె చూరు దగ్గరే వాలేది.

చెల్లి ఊరుకోలేక చెప్పింది: "బంతిలో దానికి తేనె దొరకదప్పా. మా బుట్టలోది కొమ్మ ఇరిసిత్తాను."

మా బుట్ట అంది.

"నాకొద్దు. మీ దీదీకే ఉంచుకోమను."

అది కళ్ళు దించుకుని వెళ్ళిపోయింది. మూడో రోజు సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి నా బంతుల మధ్య మూడు కణుపుల కొమ్మ ఒకటి గుచ్చి ఉంది. పీకెయ్యాలనిపించింది. పీకలేదు. బంతికి పోసే నీళ్ళు దానికీ అందాయి, అంతే.

ఆ కొమ్మ మొగ్గ తొడగకముందే చెల్లి వాళ్ళను అవతలి దీవిలో నాందీ వైపు తోటకు మార్చారు. కూలీని అడిగి మార్చేవాళ్ళు ఎవరు? స్టీమరుకు బయల్దేరే ముందు అది నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆమెనూ పట్టుకుని ఏడ్చింది. ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందో నేను గమనిస్తూనే ఉన్నాను.

తర్వాత ఒక ఆదివారం నా బుట్టలో ఆ ఎర్రపూలకు పిట్ట వచ్చింది. "సెల్లీ" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ గదిలో అప్పటికే వేరే మనుషులున్నారు. తల తిప్పితే కల్కత్తా ఆమె తన గుమ్మంలో నిలబడి ఇటే చూస్తోంది. పిట్ట ఎగిరిపోయాక మెల్లిగా వచ్చి నా మెట్టు మీద కూర్చుంది. పొలంలో వినీ వినీ అప్పటికి నాకూ కొంత హిందీ వంటబట్టింది.

"తుమార్ చెల్లి రోజ్ అప్పా, అప్పా" అంది ఆమె. "పానీ పోస్తే అప్పా. రోటీ తింటే అప్పా. హమ్ కో గుస్సా లగే." కోపం వచ్చేదట.

ఆ కొమ్మ కోసం చెల్లి రెండు రోజులు బతిమాలిందట. నీ అప్పకు నేనెందుకు ఇవ్వాలని ఈమె మొదట ముఖం తిప్పుకుందట. నా చూరు వంక చూస్తేనే తనకు మంటెత్తేదని గుండె మీద అరచెయ్యి రుద్ది చూపించింది. ఓదార్చవలసింది నేను. నిజానికి నాకు లోపల బెల్లం తిన్నట్టయింది. ఆ తీపిలోనే లోపలికి వెళ్ళి ఆమెకు టీ పెట్టి ఇచ్చాను.

ఆపైన మేం మాట్లాడుకునేవాళ్ళం. మాట ఎటు తిరిగినా చెల్లి దగ్గరికే వచ్చేది. నాతో ఇలా అంది అని ఆమె అంటే, అంతకు ముందే నాతో అలా అంది అని నేను అనేదాన్ని.

చాలా కాలానికి, గిర్మిట్ తీరిన మన మనిషి ఒకాయన నాందీ దగ్గరి నవాకా నుంచి లంబాసా వచ్చాడు. చెల్లికి ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ కులాసాగా ఉన్నారనీ చెప్పాడు.

"నన్నడిగిందా?" అన్నాను.

"అడిగింది. ఆ కల్కత్తాయమ్మనీ అడిగింది."

"ముందెవర్ని?"

ఆయన తెల్లబోయి చూశాడు. "అదెవరికి గుర్తుంటాది తల్లీ" అని నవ్వి లైను వెంబడి ముందుకు నడిచాడు. కల్కత్తా ఆమె గుమ్మం దగ్గర ఆయన్ను ఆపింది. కుశలమంతా విన్నాక గొంతు తగ్గించి ఇంకేదో అడిగింది. నాకు మాటలు వినబడలేదు. ఆయన మాత్రం చేతిలోని మూట కింద పెట్టి, తల గోక్కుంటూ నా వైపు తిరిగి చూశాడు.