బిట్రగుంట షెడ్డు, దావీదు మేస్త్రి గాట్లు

1962. కావలి వైపు ఒక పంచాయతీ సమితిలో నేను ఓవర్సీరును. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. బిట్రగుంటలో యుద్ధకాలం నాటి పెద్ద టేకు షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉండేది. దాన్ని విప్పి, బండ్ల మీద సముద్రపు ఒడ్డు పల్లెకు చేర్చి, అక్టోబరు వానలు ముదిరేలోపు కాన్పుల వార్డుగా నిలబెట్టమని ఉత్తర్వు వచ్చింది. కొత్త కలప కొనే పని లేదు, ఉన్నదాన్నే విప్పి బిగించుకోవడం. చెప్పడానికి ఎంత తేలికో!

పైకప్పును మోసే త్రికోణపు చట్రాన్ని ట్రస్ అంటారు. ఆ షెడ్డుకు ఎనిమిది ట్రస్సులు. ఒక్కో వాసం చివర కుసి, అంటే సన్నగా చెక్కిన కొస ఉంటుంది. అది దూరడానికి దూలంలో బెజ్జం, ఊడిపోకుండా అడ్డంగా ఒక చెక్క మేకు. ఇనుప బోల్టు ఒక్కటీ లేదు.

పనికి పెట్టుకున్న వడ్రంగి దావీదు మేస్త్రి. బిట్రగుంట మనిషే, యాభై దాటాయి, మాట తక్కువ. ఆయనకు నాతో ఒక అవసరం ఉంది. ఒక మిషన్ ఆసుపత్రిలో పర్మనెంటు వడ్రంగిగా చేర్చుకుంటామన్నారట, నమ్మకస్తుడని నేను ఉత్తరం రాసిస్తే. ఏళ్ల తరబడి కూలికి తిరిగిన మనిషికి అదెంత పెద్ద ఆశో అప్పుడు నాకు పట్టలేదు. ఉత్తరం కోసమే ఇంత వినయం నటిస్తున్నాడా అని నా అనుమానం.

మొదటిరోజే ఆయన, "ఏ ట్రస్సుకి ఆ ట్రస్సు గుర్తులేసి విప్పుదాం సార్" అన్నాడు.

"ఎనిమిదీ ఒకే డ్రాయింగు మేస్త్రీ. వాసాలన్నీ ఒకచోట, దూలాలన్నీ ఒకచోట పేర్పించు, చాలు."

"డ్రాయింగు ఒకటే గానీ, చేత్తో చెక్కింది గదా సార్. ఏ కుసికి ఆ బెజ్జమే."

"నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాను. ఆయన పనిలోకి దిగాడు. డిప్లొమా కొత్త, నా కళ్లు నెత్తికెక్కి ఉండేవి.

మూడోరోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. దావీదు ఒక్కడే కలప దొంతర వెనక వంగి, ఉలితో ఏదో కొడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున ఉలి పక్కన పెట్టాడు. వెళ్లి చూస్తే కుసుల పక్కన చిన్న చిన్న గాట్లు. ఒకదానికి రెండు, ఒకదానికి మూడు, మరోదానికి అడ్డగీత. ముందురోజే ఒక కలప వ్యాపారి ఆ టేకును తట్టి చూసి వెళ్లాడు. ఇంకేముంది, మంచి కలపకు గుర్తులు పెడుతున్నాడు, బండ్లు కదిలాక దారిలో మార్చేస్తారు అని తేల్చేసుకున్నాను.

"సంచి విప్పు" అన్నాను. కూలీలు ఎంగిలి చేతులతోనే చుట్టూ మూగారు. సంచిలో ఉలులు, చెక్క మేకులు, మడిచిన కాగితం ఒకటి. కాగితం నిండా అవే గాట్లు.

"ఎవరికిది? ఆ వ్యాపారికేనా?"

"షెడ్డుకే సార్. మళ్లా కట్టేటప్పుడు..."

"నేను వద్దన్న పని చాటుగా ఎందుకు చేస్తున్నావు? దొంగవి కాకపోతే!"

ఉత్తరం లేదు, గిత్తరం లేదు, పొమ్మన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఇంకో వడ్రంగిని పిలిపించి, ఆ గాట్లన్నీ పోయేదాకా చిత్రిక పట్టించాను. కాగితాన్ని సాక్ష్యమని ఫైల్లో దాచాను.

పల్లెలో పునాదులు సిద్ధమయ్యాయి. మొదటి ట్రస్ బిగించబోతే కుసి బెజ్జంలో దూరలేదు. ఇంకొకటి దూరింది గానీ లొడలొడమంది. మేకు పెట్టబోతే చిల్లులు ఎదురెదురుగా రావు. నాలుగు రోజుల్లో ఒక్క ట్రస్సూ లేవలేదు. కొత్త వడ్రంగి "కొంచెం కోసేద్దాం సార్" అంటూ రెండు కుసులు కోసి పాడుచేశాడు. టేపు పెట్టి కొలిచాను. డ్రాయింగు ఒకటే, నిజమే. కానీ ఏ రెండు కుసులూ ఒక్క కొలత కాదు.

అప్పుడు ఫైల్లోంచి ఆ కాగితం తీశాను. ఏ వాసం ఏ దూలానికి, ఏ వైపు, ఒక్కటీ వదలకుండా రాసుకున్నాడు. గాట్లు లేని కలప ముందు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బిట్రగుంట వెళ్లి, "ఒక్కసారి రా మేస్త్రీ" అన్నాను. వెంటనే చొక్కా తగిలించుకున్నాడు. ఇంత తేలిగ్గా వస్తున్నాడే, అక్కడికొచ్చి ఏం మెలిక పెడతాడో అని దారంతా అనుమానమే. నా బుద్ధి అప్పటికీ మారలేదు చూడండి.

మెలికేమీ లేదు. ప్రతి కుసినీ వేళ్లతో తడిమి, మేకు రాపిడి చూసి, పాత మసి మరకలు కలిపి జతలు వెతికాడు. పన్నెండు రోజులు పట్టింది. వాన పట్టుకున్న రోజే ఆఖరి ట్రస్ లేచింది.

అందరూ అక్కడే ఉండగా, "ఈయన్ను దొంగ అన్నాను. తప్పు నాది" అని చెప్పి ఉత్తరం చేతికిచ్చాను. ఆయన మడత విప్పలేదు.

"ఆ మిషన్ ఆసుపత్రి పని వేరేవోళ్లకి ఇచ్చేసినారు సార్. ఓవర్సీరు నీ సంచి సోదా చేసినాడంట గదా, అన్నారు."

"నేనొచ్చి వాళ్లకు చెబుతాను."

"ముందు బిట్రగుంటలో చెప్పండి. నన్ను దొంగన్నది ఆడ. ఈడోళ్లకి నేనెవురో కూడా తెలీదు."

ఆసుపత్రికి వెళ్లాను, ఇక ఖాళీ లేదన్నారు. దావీదును వెంటబెట్టుకుని బిట్రగుంటకూ వెళ్లాను. ఆనాటి కూలీలు తలా ఒక పనికి చెదిరిపోయారు. టీ బంకు దగ్గర ఇద్దరు మాత్రం దొరికారు. జరిగిందంతా చెప్పాను. ఒకడు సరేనన్నట్టు తల ఊపాడు. రెండోవాడు దావీదును చూసి, నన్ను చూసి, నవ్వాడు.

"ఇట్టా చెప్పేదానికి మేస్త్రి మీకేమిచ్చినాడు సార్?"

దావీదు టీ గ్లాసు సగంలోనే పెట్టేసి ఇంటిదారి పట్టాడు.

ఆ తర్వాత చాలా షెడ్లు విప్పించాను, కట్టించాను. ఎవరి మీద అనుమానం వచ్చినా పక్కకు పిలిచి, ఒంటరిగా, ఇదెందుకు చేస్తున్నావని అడిగేవాణ్ణి. ఆనాడు దావీదునూ అడిగాను. జవాబు పూర్తయ్యేదాకా ఆగలేదు.