చింతపండుతో తోమిన అమెరికా సెంటు

2000ల్లో మేం న్యూజిలాండ్‌లోని న్యూ లిన్‌లో ఉండగా, ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్‌లో కొన్న గుండీల డబ్బాలో నాకు పాత అమెరికా రాగి సెంటు ఒకటి దొరికింది. అంతే, ఆ రోజు నుంచి నేను నాణేల పండితుణ్ణి. పాండిత్యానికి మూడు వారాల ఇంటర్నెట్ చాలదా ఏమిటి!

నా చదువు ప్రకారం అది చలామణీ కోసం కొట్టింది కాదు. మెరుగుపెట్టిన అచ్చుతో, నలుగురికీ చూపించడానికి ప్రత్యేకంగా కొట్టిన ప్రూఫ్ నాణెం. ఆ కాలంలో అచ్చులకు చేత్తో పని చేసేవారు కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. నా సెంటు మీద ఒక నక్షత్రం పక్కన వెంట్రుకంత గీత ఉంది. ఆ గీత ఉన్న అచ్చుతో కొట్టిన ప్రూఫులు బహు అరుదు. ఈ సంగతి మా ఆవిడకు రోజుకు రెండుసార్లు చెప్పేవాణ్ణి. పాపం, రెండుసార్లూ వినేది.

ఊళ్ళో నాణేల సంఘం ఉండేది. అందరూ రిటైరైన కివీ పెద్దమనుషులు. ఆఫీసులో ప్రింటర్ ఆగిపోతే తప్ప నన్నెవరూ పలకరించని రోజులవి. ఏదో ఒక విషయం తెలిసినవాడిగా ఆ దేశంలో ఒక్కరైనా నన్ను చూడాలని ప్రాణం కొట్టుకునేది. సంఘం పెద్దాయన ఆదివారం మా ఇంటికొచ్చి నాణెం చూస్తానన్నాడు.

ఆ పొద్దున్న చూస్తే నాణెం నల్లగా ఉంది. పెద్దమనిషి ఇంటికొస్తుంటే రాగి చెంబైనా తోమి పెడతాం కదా! చింతపండు నానబెట్టాను.

"ఏవండీ, దాని జోలికెళ్ళకండి. ముట్టుకుంటేనే పాడైపోద్దని మీరే కదా నన్ను చంపుకు తిన్నారు," అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు? రాగి ఏదైనా రాగే."

నాణెం కొత్త బిందెలా తళతళలాడింది. పెద్దాయన భూతద్దంతో చాలాసేపు చూశాడు. గీత నిజమేనన్నాడు, అచ్చు కూడా నేను చెప్పిందేనన్నాడు. ఆ తర్వాత, ఇన్నేళ్ళు నిలిచిన అసలు పైపొరంతా పోయి నాణెం విలువ పడిపోయిందని చెప్పి, ఎవరు తోమారని మెల్లగా అడిగాడు.

"మా ఆవిడ," అన్నాను.

ఆమె టీ ట్రేతో అక్కడే నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసి, "సారీ, నాకు తెలియలేదు," అని ఆయనకు ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నా భుజం తట్టి, విలువ తెలిసినవాడికే ఈ బాధ అన్నాడు. ఆ నెలలోనే నన్ను సంఘంలో చేర్చుకున్నారు.

అక్కడ నా చింతపండు కథకు మంచి గిరాకీ. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా చెప్పమనేవారు, నేనూ చెప్పి నవ్వించేవాణ్ణి. క్రిస్మస్ విందుకు మాత్రం ఆమెను తీసుకెళ్ళక తప్పలేదు. ఆ ఆవిడ మీరేనా అంటూ అందరూ చుట్టూ మూగారు. అసలు ఎలా తోమారని ఒకాయన అడిగాడు.

"కాస్త ఉప్పు కూడా వెయ్యాలి," అంది నవ్వుతూ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఇంకొకాయన జేబులోంచి ఏదో నాణెం తీసి, దీని మీద మీ అభిప్రాయం కావాలి అన్నాడు. ఆమెను అక్కడే వదిలేసి ఆయనతో వెళ్ళాను.